దీపం పునీతురాలి ముఖం

పైకప్పు మీద నక్షత్రాలు అయిపోయాయి. ద్రాక్షతీగ అంచు, పునీతురాలి నీలం ముసుగు, దీపం పట్టుకున్న చెయ్యి, పాదాల దగ్గర కలువలు, అన్నీ అయిపోయాయి. మిగిలింది ముఖం ఒక్కటే. దూదమ్మ మాత్రం పొద్దుటి నుంచీ అయిపోయిన కలువలనే మళ్ళీ తుడుస్తోంది.

"ఏమ్మా దూదమ్మా, ఆ పువ్వుల్ని ఇంకా తోమితే గోడ అవతల రోడ్డు కనిపిస్తుంది," అన్నాడు కింద నుంచి పరంజా మేస్త్రి. "ముఖం అవ్వందే నేను కర్రలు విప్పలేను."

"ముఖం ఆఖర్నే కదా మేస్త్రీ చెయ్యాల్సింది."

"ఆఖరొచ్చి వారమైంది తల్లీ. గుమ్మంలో నిలబడి కాళ్ళు నొప్పెట్టి కూలబడింది పాపం."

పుల్లకి దూది చుట్టి, మందులో ముంచి, గోడ మీది మసినీ పాత రంగునీ కొద్దికొద్దిగా తీయడం ఆమె పని. అందుకే అక్కడ అందరికీ దూదమ్మ అయింది. ముఖాన్ని ఆఖర్న ముట్టుకోవడం ఆ పనిలో పద్ధతే. గోడ స్వభావం చేతికి బాగా తెలిశాక గానీ ముఖం జోలికి పోరు. కానీ ఆమె ఆలస్యానికి కారణం పద్ధతి కాదు. ఆ ముఖం వాళ్ళమ్మది.

అంత పెద్ద కేథడ్రల్‌లో ఆ చాపెల్ ఒక పక్కగా ఒదిగి ఉన్న చిన్న ప్రార్థన గది. పడవల వాళ్ళకి రాత్రంతా దీపం చూపించిన పునీతురాలి పేరున కట్టారు. నీలం కప్పు మీద బంగారు నక్షత్రాలు, పాలరాయిలా భ్రమ పుట్టించే స్తంభాలు, నడుమ గోడ నిండా ఆమె బొమ్మ. ఒకప్పుడు పైకప్పు కారి బొమ్మ ముఖం పొక్కులు లేచి రాలిపోతుంటే, పేరున్న చిత్రకారుణ్ణి పిలిచే స్తోమత లేక ఫాదర్‌గారు దూదమ్మ నాన్ననే అడిగాడు. ఆయన బంగారు రేకు అతికే పనివాడు. అందరూ రేకులాయన అంటారు. ఆయన భార్య కూడా పక్కనే కూచుని రేకులు అతికేది. దూదమ్మని కని కన్నుమూసింది. ఆ తర్వాత మూడు నెలలకి రేకులాయన నిచ్చెనెక్కి పునీతురాలికి కొత్త ముఖం వేశాడు.

వాళ్ళకున్న ఒక్క పెళ్ళి ఫోటో దూదమ్మ పుట్టకముందే ఇల్లు మారడంలో పోయింది. అందుకని దూదమ్మకి అమ్మంటే గోడే. పెంచిన మేనత్త ఆదివారం ఆదివారం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించేది, "అదిగోనే మీ అమ్మ" అని. పిల్ల బెంచీ ఎక్కి, మునివేళ్ళ మీద లేచి చూసేది. మసిలో, ఎత్తులో, కళ్ళు ఏవో ముక్కు ఏదో. ఇంకాస్త దగ్గరగా చూడాలి, ఇంకాస్త. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కనిది, ఆమె పాత బొమ్మలు బాగుచేసే ఈ చదువే ఏరికోరి చదివింది ఆ గోడ దగ్గరికి ఎక్కడానికే. ఎక్కింది. ఇప్పుడా ముఖం జానెడు దూరంలో ఉంది. దాన్ని తుడిచెయ్యడమే పని.

తుడవక తప్పదు. రేకులాయన తెలియక సున్నపు గోడ మీద నూనె రంగు వేశాడు. చెమ్మ బయటికి పోయే దారి లేక వెనక పాత బొమ్మ కుళ్ళుతోంది. రేపు మొదలుపెట్టమని ఈ పనంతా చూసే మేడమ్ గట్టిగా చెప్పి వెళ్ళింది.

సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులైనా విప్పకుండా అంది. "నాన్నా, రేపు ముఖం తీసేస్తున్నాం."

రేకులాయనకి చూపు తగ్గింది. కిటికీ పక్కన కుర్చీలోంచి తల తిప్పాడు. "ఏ ముఖం?"

"ఏ ముఖమేంటి నాన్నా! అమ్మ ముఖం."

బట్టలు మడత పెడుతున్న మేనత్త చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది.

"మీ అమ్మదని ఎవరు చెప్పారే నీకు?" అన్నాడాయన. ఆ వెంటనే చెల్లెలు ఉన్నవైపు తిరిగాడు.

"ఏం చెప్పమంటావన్నయ్యా?" అత్త ఎదురు తిరిగింది. "గుక్కపట్టి ఏడ్చే పిల్లకి, అది మీ అమ్మ కాదే, నేను, మీ నాన్న నన్ను స్టూలు మీద కూచోబెట్టి గీశాడూ అంటే ఊరుకుంటుందా? నోరు జారి ఓసారి అన్నాను. అతుక్కుపోయింది, నీ బంగారు రేకు కన్నా గట్టిగా!"

దూదమ్మ అత్త ముక్కు వంక చూసింది.

"అలా చూడకు. అప్పట్లో నాకూ బుగ్గల మధ్య ముక్కు కనపడేది."

దూదమ్మకి నవ్వొచ్చింది. సగంలోనే నాన్న వైపు తిరిగింది.

"మీ అమ్మనే గీద్దామని ఎక్కానమ్మడూ," అన్నాడు నాన్న. "కుంచె ఎత్తేసరికి ముఖం రాలేదు. మూడు నెలలకే! కళ్ళు మూసుకుంటే నవ్వు వినిపిస్తోంది, చేతులు కనిపిస్తున్నాయి, ముఖం పొగలా విడిపోతోంది. ఫాదర్‌గారు తొందర పెడుతున్నాడు. ఏం చెయ్యను, దీన్ని కూచోబెట్టాను."

"అంటే ఆ గోడ మీద అమ్మది ఏమీ లేదన్నమాట."



"చెవి," అన్నాడాయన. "ఎదురుబొదురు కూచుని ముఖాలు చూసుకునే తీరిక మాకెక్కడిదే? పక్కపక్కన కూచునేవాళ్ళం. తల తిప్పితే నాకు కనపడేది దాని ఎడమ చెవి. కుంచె ఎప్పుడూ దాని వెనకే దోపుకునేది. దోపీ దోపీ పై అంచు ముందుకి వంగింది. దాన్ని మాత్రం ఎవర్నీ చూసి గీయలేదు. చెయ్యే గీసింది."

"అది నిజమే," అంది అత్త మెల్లగా. "మన ఇంటి చెవులు చేటలు కదూ. నీవీ అంతేగానే. గోడ మీదిది అలా లేదు."

ఆ పూట దూదమ్మ అత్తతో మాట్లాడలేదు. పెట్టిన భోజనం తింది, అంతే. కోపంలో కూడా చూపు మాటిమాటికీ అటే పోయింది. కనుబొమల మధ్య, పెదవి కొసల దగ్గర, గోడ మీది ముఖం ఉండనే ఉంది, బరువెక్కి, అలిసిపోయి. ఇన్నేళ్ళూ మునివేళ్ళ మీద లేచి దేనికోసం చూసిందో అది పక్కనే నిలబడి, పడిపోతావే అంటూ తన చెయ్యి పట్టుకునే ఉంది. ఆ సంగతి తెలిసినా బెంగ తగ్గలేదు. ఆ బెంగకి ఇప్పుడు ముఖం కూడా లేకుండా పోయింది.

మర్నాడు మేడమ్ పరంజా ఎక్కి వచ్చింది. "ముఖంలో సాక్షి ఎక్కడ వదుల్తున్నావు?"

గోడ శుభ్రం చేసేటప్పుడు ఒక్క చిన్న ముక్కని ముట్టుకోకుండా వదిలేస్తారు, ముందు ఇలా ఉండేది సుమా అని తర్వాతి వాళ్ళకి తెలియడానికి. దాన్నే సాక్షి అంటారు. ఎవరి కంటా పడని మూల చూసి వదలడం మామూలు.

"చెవి వదలొచ్చా మేడమ్?"

"చెవా? బడికి పోయే తొందర్లో ముఖం కడుక్కుని చెవులు మరిచిపోయిన పిల్లలా ఉంటుంది పునీతురాలు! ముసుగు అంచున వదులు."

దూదమ్మ చెప్పింది. తడుముకుంటూ, అత్త ముక్కుతో సహా అంతా చెప్పింది. మేడమ్ కళ్ళద్దాలు తీసి, పైట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ చెవి దగ్గరికి వంగింది.

"ఇది ముందే చెప్పుంటే నిన్నీ గోడకి పెట్టేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు మేడమ్."

"బాగుంది!" మేడమ్ నిచ్చెన వైపు నడిచింది. "వేలెడంత. అంతకి ఒక్క గీత మించినా నేనే వచ్చి తుడిచేస్తాను."

అత్త ముక్కు దూదికి గులాబీరంగు మట్టిలా అంటుకుని వచ్చింది. తర్వాత బుగ్గ. తర్వాత నుదురు. కింద నుంచి పాత ముఖం తేలింది, పలచగా, ఒక కన్ను సగం రాలిపోయి. అందమైన ముఖమే. వాళ్ళింట్లో ఎవరి పోలికా లేదు. పక్కన చెవి ఒక్కటీ కాస్త నల్లగా, పై అంచు ముందుకి వంగి, అలాగే మిగిలింది. ఆ చెవి చుట్టూ ఒక ముఖాన్ని ఊహించుకోవాలని చూసింది దూదమ్మ. రాలేదు.

పని పూర్తయిన రోజు మేస్త్రి తాళ్ళు విప్పడానికి వచ్చాడు. ఆమె సీసాలూ పుల్లలూ సంచీలో సర్దుకుంది. దిగితే మళ్ళీ ఇంత దగ్గరికి రావడం ఉండదు. కాలు నిచ్చెన మీద పెట్టి, వెనక్కి తీసుకుంది.

పుట్టి ఇన్నేళ్ళయినా చూడాలని తప్ప ఇంకేమీ కోరలేదు ఆమె. చూడటానికి ఇక్కడేమీ లేదు. వంగి, గోడకి ముఖం దగ్గరగా పెట్టి, "అమ్మా," అంది.

కాలికి రాయి తగిలినప్పుడు అనడమే గానీ, పిలుపుగా ఆ మాట ఆమె ఎప్పుడూ వాడలేదు. ఎంత చిన్న మాట! తర్వాత ఏమనాలో తెలియలేదు. తెలియక, నోటికొచ్చింది చెప్పింది.

"నాన్న కళ్ళలో మందు వేసుకోవట్లేదమ్మా. అత్త అరిచినా వినడు. అత్తతో నేను నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. ఇవాళ మాట్లాడతాలే."

"ఎవరితోనమ్మా కబుర్లు?" కింద నుంచి మేస్త్రి కేకేశాడు. "కర్ర విప్పమంటావా వద్దా?"

"వస్తున్నా, ఉండు మేస్త్రీ. ఇంకొక్క మాట ఉంది," అని దూదమ్మ మళ్ళీ వంగింది.