ముందు నానమ్మ, ఆ తర్వాత నాన్న

మా అమ్మాయిని చూసి, "పాపం, నోట్లో వేలు పెడితే కొరకలేదు" అని జాలిపడే వాళ్ళు మా వీధిలో చాలామందే ఉన్నారు. పెట్టి చూడమనండి! మొదటి పళ్ళ డాక్టరు పెట్టాడు. పెట్టి, తీసి, ఆ వేలిని పంపు కింద పట్టుకుని నావైపు ఒక చూపు చూశాడు. తప్పు మా పిల్లది కాదు. చెప్పాపెట్టకుండా మొహం మీద లైటు వేసి, ముక్కూ మొహం తెలియని మనిషి నోట్లో చెయ్యి పెడితే నేనైనా కొరుకుతాను.

ఆయన వేలికి గుడ్డ చుట్టుకుంటూ, "ఇలాంటి పిల్లలకి ఇక్కడ కుదరదమ్మా. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి మత్తిచ్చి చేయించండి," అన్నాడు.

"ఇలాంటి పిల్లలంటే ఎలాంటి పిల్లలండీ?" అన్నాను నేను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని గబగబా బయటికి లాక్కొచ్చారు.

మత్తంటే నాకు ఊరికే భయం కాదు. ఎంతోమంది పిల్లలకి ఇస్తారు, నిక్షేపంలా లేచి కూర్చుంటారు. మా పిల్లకి మాత్రం చిన్నప్పుడు చెవి ఆపరేషనప్పుడు ఇస్తే, తెలివి వచ్చేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. ఊపిరి ఆగి ఆగి వచ్చింది. తప్పనిసరైతే తప్ప మళ్ళీ ఇవ్వొద్దని అప్పటి డాక్టర్లే చెప్పారు. ఇప్పుడు పంటి కోసం మళ్ళీ ఆ తలుపు బయట బెంచీ మీద కూర్చోవాలా? నా వల్ల కాదు.

మా గురించి చెప్పలేదు కదూ. నేను సోఫాలకీ కుర్చీలకీ కవర్లు కుడతాను. ముందు గదే నా దుకాణం. మా ఆయన ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తారు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళందరితో "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అని తియ్యగా చెప్పి, ఇంటికొచ్చాక నా ఇబ్బంది ఒక్కటే అర్థం కానట్టు కూర్చుంటారు. మాతో మా అత్తయ్య ఉంటారు. పదేళ్ళ మా అమ్మాయికి టీచరమ్మ అని పేరు పెట్టింది ఆవిడే. చెప్పులు జతగా లేకపోయినా, మంచినీళ్ళ గ్లాసు రోజూ ఉండేచోట లేకపోయినా, మా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి సరిచేయించే దాకా వదలదు మరి. డాక్టర్లు దాన్ని ఆటిజం అన్నారు. మేం టీచరమ్మ అంటాం.

దానికి మాటలు బాగా తక్కువ. ఉన్న కాసిన్ని మాటల్లో "నొప్పి" లేదు. కుడివైపు పైన ఒక పన్ను నల్లబడింది. తింటూ తింటూ సగంలో కంచం తోసేస్తోంది. రెండు చేతులతో రెండు దవడలూ టపటపా కొట్టుకుంటోంది. "ఎక్కడమ్మా? ఎక్కడ తల్లీ?" అని ఎంత అడిగినా గోడకి చెప్పినట్టే. అంతా మేం ఊహించుకోవలసిందే.

పక్క వీధిలో ఒక డాక్టరమ్మ కొత్తగా పళ్ళ ఆసుపత్రి తెరిచింది. వాళ్ళ వరండాలో కుర్చీలకి కవర్లు కుట్టింది నేనే. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను, వేలు కొరికిన సంగతితో సహా. డాక్టరమ్మ నవ్వింది.

"శుక్రవారం మధ్యాహ్నం తీసుకురండక్కా. ఆ గంట వేరేవాళ్ళని రమ్మనను. కూర్చుని నోరు తెరిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా. కానీ ముందే చెప్తున్నా, ఏమనుకోకండి. చీము పడితే ఇంక ఆగడానికి లేదు. ఆ రోజు కుదరకపోతే పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిందే."

"ఎందుకు కుదరదు? కుదురుతుంది," అన్నాను. నాకు నోరెక్కువ. ఆ నోటితోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. టీచరమ్మకి ఏది కొత్తదైనా ముందు ఇంట్లో ఆడి చూపిస్తాం. జుట్టు కత్తిరించడం, బస్సెక్కడం, బూట్లు కొలిపించుకోవడం, ఏదైనా సరే. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోతేనే దానికి భయం. తెలిసిందా, ఇంక అది మమ్మల్ని వెంటేసుకుని వెళ్తుంది.

అదృష్టం కొద్దీ ఆ వారం దుకాణంలో సెలూన్ కుర్చీ ఒకటి ఉంది, రెక్సిన్ మార్చడానికి వచ్చింది. వెనక్కి వాలుతుంది, మీట తొక్కితే పైకి లేస్తుంది. పని ఎప్పుడో అయిపోయింది. సెలూన్ ఆయన ఫోన్ చేసినప్పుడల్లా మా ఆయన తన ఆఫీసు గొంతు తీసి, "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ, మీ కుర్చీ మాకు చాలా ముఖ్యమండీ" అని సాగదీశారు. పోనీలే, ఆ ఉద్యోగం ఇన్నాళ్ళకి ఇంటికి పనికొచ్చింది.

కుట్టుమిషను లైటు విప్పి కుర్చీ మీదికి వంచాను. డ్రిల్లుకి బదులు మా ఆయన గడ్డం ట్రిమ్మరు. ఉమ్మడానికి స్టీలు గిన్నె. నేను మాస్కు కట్టుకుని డాక్టరునయ్యాను.

"ఎవరు ముందు?" అంటే మా ఆయన నేల చూపులు చూశారు.

"తప్పుకోరా! కుర్చీలో కూర్చోడానికి కూడా ఇంత ఆలోచనా?" అని అత్తయ్య ఎక్కి కూర్చున్నారు. నేను "ఆ అనండి" అన్నాను. ఆవిడ ఊరికే అంటేనా? కట్టుడుపళ్ళు పైవీ కిందవీ తీసి గిన్నెలో టింగుమని పడేసి, బోసినోరు బార్లా తెరిచి "ఆఆఆ" అన్నారు. టీచరమ్మ నోరు వెళ్ళబెట్టింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత అద్దం ముందుకెళ్ళి తన పళ్ళు కూడా ఊడొస్తాయేమోనని లాగి చూసుకుంది.

అలా రోజూ సాయంత్రం ఆడాం. ముందు నానమ్మ, ఆ తర్వాత నాన్న, ఆ తర్వాత నేను, చివర టీచరమ్మ. మొదట్లో కుర్చీ చుట్టూ తిరిగింది. తర్వాత ఎక్కింది, లైటు వేస్తే దిగింది. గురువారానికల్లా వెనక్కి వాలి, నోరు తెరిచి, ట్రిమ్మరు జుయ్యిమంటుంటే కళ్ళు మూసుకుని పడుకుంది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. "చూడండి నా కూతుర్ని!" అని వీధిలోకి వెళ్ళి అరవాలనిపించింది.

శుక్రవారం పొద్దున అత్తయ్యకి మోకాళ్ళు పట్టేశాయి. "మీరు వెళ్ళి రండమ్మాయ్. నేనొచ్చి అక్కడ పొడిచేదేముంది?" అన్నారు. నిజమే కదా అనుకుని ముగ్గురం బయల్దేరాం. అక్కడే తప్పులో కాలేశాం.

టీచరమ్మ ఆసుపత్రిలోకి దర్జాగా నడిచింది. కుర్చీ చూసింది, లైటు చూసింది, ఉమ్మే గిన్నె చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నట్టు తలాడించింది. వెళ్ళి కుర్చీ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. అంతే, ఇంక కదల్లేదు.

"రా అమ్మా, కూర్చో," అంది డాక్టరమ్మ. ఊహూఁ. నేను బతిమాలాను. ఊహూఁ. ఎత్తి కూర్చోబెట్టబోతే మా ఆయన చెయ్యి విదిలించి కొట్టింది.

"భయపడుతోందేమోనక్కా," అంది డాక్టరమ్మ.

భయమా? భయపడ్డ మొహం నాకు తెలియదా? చేతులు కట్టుకుని, ఒంటికాలి మీద బరువేసి నిలబడింది, దుకాణం ముందు వరసలో నిలబడ్డట్టు. నాకు చప్పున వెలిగింది.

"ఏవండీ, మీరు కూర్చోండి!"

"నేనా? నా పళ్ళు బాగానే ఉన్నాయి కదే!"

"కూర్చోమంటుంటే!"

ఆయన కూర్చున్నారో లేదో, టీచరమ్మ వచ్చి చొక్కా పట్టుకుని కిందికి లాగేసింది. వేలు తలుపు వైపు చూపించింది. ఆయనా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ముందు నానమ్మ! వారమంతా మేం దానికి పళ్ళ వైద్యం నేర్పామనుకున్నాం. అది నేర్చుకున్నది వరస. ఇంటిల్లిపాదీ కూర్చోకుండా తన వంతు రాదని మేమే దాని బుర్రకెక్కించాం. ఇంత ఘనకార్యం మాలాంటి వాళ్ళే చెయ్యగలరు.

సంగతి చెప్పగానే డాక్టరమ్మ పకపకా నవ్వి, గడియారం చూసుకుంది. "బామ్మగారిని తొందరగా తీసుకురండి మరి. నాలుగింటికి ఇంకొకళ్ళు వస్తారు."

మా ఆయన స్కూటరు మీద పరుగెత్తారు. నేను కూర్చుని, లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వచ్చి, ఒకటే కాలుగాలిన పిల్లిలా తిరిగాను. టీచరమ్మ మాత్రం నింపాదిగా నిలబడింది. చివరికి అత్తయ్య మూలుగుతూ, కుంటుతూ, కొడుకు భుజం పట్టుకుని వచ్చారు. నోరు చూస్తే బోసి.

"అయ్యో అత్తయ్యా, పళ్ళేవీ? అవి తీస్తేనే కదా దానికి లెక్క!"

"నాకు ఆమాత్రం తెలీదా?" అని బొడ్లోంచి రుమాలు మూట తీసి, పళ్ళు పెట్టుకుని, కుర్చీ ఎక్కి, మళ్ళీ తీసి గిన్నెలో టింగుమని వేశారు. "ఆఆఆ!"

తర్వాత ఆయన. తర్వాత నేను. నా నోట్లో చూసి డాక్టరమ్మ, "మీకూ ఒకటి పుచ్చిందక్కా," అంది. "నా సంగతి తర్వాత చూద్దాం తల్లీ," అని దూకాను.

టీచరమ్మ తనంతట తానే ఎక్కింది. వెనక్కి వాలింది. నోరు తెరిచింది.

డాక్టరమ్మ చిన్న అద్దం కుడివైపు పైపన్ను దగ్గరికి పోనిచ్చింది. టీచరమ్మ ఆ చెయ్యి తోసేసి నోరు మూసుకుంది. కాసేపటికి మళ్ళీ తెరిచింది. అద్దం వెళ్ళింది. మళ్ళీ తోసేసింది. ఇంకోసారీ అంతే. డాక్టరమ్మ తన స్టూలు వెనక్కి జరుపుకుంది.

"బలవంతం వద్దక్కా. ఇక్కడి దాకా వచ్చింది, అదే గొప్ప. పెద్దాసుపత్రికి రాసిస్తాను."

ఆ బెంచీ, ఆ తలుపు, ఆగి ఆగి వచ్చిన ఆ ఊపిరి అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఆవిడ కాగితం తీసింది. మా ఆయన తల దించుకున్నారు. అప్పుడు పిల్లవైపు చూశాను. అది కుర్చీ దిగలేదు.

మా టీచరమ్మకి వద్దనిపిస్తే ఒక్క క్షణం ఉండదు, ఈపాటికి వీధి చివర ఉండాలి. అలాంటిది వాలిన కుర్చీలో అలాగే పడుకుని, నోరు తెరుచుకుని డాక్టరమ్మ చెయ్యి వైపే చూస్తోంది.

"రాయకండి!" అన్నాను. గట్టిగానే అన్నాను. "ఇంకోసారి ఆ అద్దం పట్టుకుని చెయ్యివ్వండి. మీరేం చెయ్యొద్దు. ఊరికే ఇవ్వండి."

డాక్టరమ్మ చెయ్యి చాపింది. టీచరమ్మ ఆ మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. మెల్లగా తన నోటి దగ్గరికి తెచ్చుకుంది. కుడివైపు కాదు, ఎడమవైపు. పైన కాదు, కింద, బాగా వెనక్కి. అక్కడ ఆపింది. ఆపి, మణికట్టు వదలకుండా "ఆ" అంది.

ఇది మేం నేర్పలేదు. ఆ సెలూన్ కుర్చీలో ఏ సాయంత్రమూ ఎవ్వరం "ఇక్కడ" అని చూపించలేదు. ఎక్కడో మాకు తెలుసు కదా అనుకున్నాం.

డాక్టరమ్మ వంగి చాలాసేపు చూసింది. "అక్కా, ఆ నల్లది వట్టి మరక," అంది. "అసలుది ఇక్కడుంది. రెండు పళ్ళ మధ్య, పైకి కనపడకుండా లోపలికి పుచ్చింది. నేను పైదాని మీద పనిచేసి పంపించేదాన్ని. పిల్ల చెప్పబట్టి సరిపోయింది."

పిల్ల చెప్పింది! పదేళ్ళుగా దాని నొప్పులన్నీ మేమే ఊహించుకున్నాం. కడుపన్నాం, చెవన్నాం, ఏదీ తోచనప్పుడు మొండితనమన్నాం. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. అత్తయ్య బోసినోటితోనే "నా తల్లే, నా బంగారు తల్లే" అంటున్నారు.

సూదికి ఒక కేక పెట్టింది, పెట్టదూ మరి! డ్రిల్లు మోతకి కళ్ళు మూసుకుని నా బొటనవేలు నలిపేసింది. పంట్లో మందు పెట్టి మూసేశారు. పళ్ళు గిన్నెలో మరిచిపోయి అత్తయ్య గుమ్మం దాకా వెళ్తే, తెచ్చిచ్చింది టీచరమ్మే.

ఆ తల్లీకొడుకులు స్కూటరు మీద వెళ్ళారు. మేమిద్దరం నడిచాం. వీధి మలుపులో టీచరమ్మ ఆగింది. ఆ మలుపులో అది ఆగి కాళ్ళు నేలకేసి కొట్టడం, నేను రెక్క పట్టుకుని లాక్కెళ్ళడం మాకు మామూలే. ఈసారి నా చెయ్యి పట్టుకుని కిందికి వంచింది. నా వేళ్ళు తన కుడికాలి మడమ మీద, బూటు లోపలికి పెట్టింది.

"ఇక్కడా?" అన్నాను.

"ఆ."

నడిరోడ్డు పక్కనే చతికిలబడి బూటు విప్పాను. మేజోడు లోపల, మడమ దగ్గర, దారపు ముడి ఒకటి గట్టిగా రాయిలా ఉంది. చిరుగు పడితే నేను కుట్టిందే. దాని కింద చర్మం ఎర్రగా కందిపోయింది. ముడిని పళ్ళతో కొరికి తెంపేశాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు, చూడనీ. బూటు తొడిగాను. టీచరమ్మ రెండడుగులు వేసి చూసుకుంది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఎడమకాలు నా ఒళ్ళో పెట్టింది.