ఆరో వార్డు ఏకగ్రీవం

తాయమ్మ గంజి వార్చి, సాంబారు తిప్పుతూ ఉండగా బడి గేటు ముందు కారు ఆగింది. పొగకు ఎర్రబడిన కళ్లను కొంగుతో తుడుచుకుని చూసింది. తిరుమలయ్య. మామిడి తోటలు ఆయనవి, ఊళ్లో సర్పంచి ఎవరవ్వాలో తేల్చేదీ ఆయనే. బడి వంటపాక దాకా రావడం మాత్రం ఇదే మొదలు.

"ఓబయ్యకు ఎట్లుండాది తాయమ్మా?"

"అట్నే ఉండాడు సామీ. ఆయాసం తగ్గలే."

మొగుడి సంగతి అడగడానికి ఆయన రాలేదని ఆమెకు తెలుసు. ఆరో వార్డు ఈసారి ఎస్సీ ఆడవాళ్లకు వచ్చింది. కాలనీ చివరి వరస కొళాయిల్లో నీళ్లు రావు. ట్యాంకు నీళ్లు ఎవరి తోటకు మళ్లుతాయో అందరికీ ఎరుకే, ఎవరూ నోరు విప్పరు. మంచంలో ఎగశ్వాస పీలుస్తూ ఓబయ్యే ఆమెను ముందుకు తోశాడు. "ఎన్నాళ్లని అడుక్కుంటాం మే? మెంబరయితే నిలేసి అడగొచ్చు." అక్షరం ముక్క రాకపోయినా ఓబయ్య ఒక్క ఎన్నికలోనూ ఓటు మానలేదు. దొరైనా కూలోడైనా ఆ పొద్దు ఒకే వరసలో నిలబడాల్సిందే అని మురిసిపోయేవాడు. ఆ మాట నమ్మే తాయమ్మ నామినేషన్ వేసింది.

"ఎలచ్చన్లంటే ఊరు రెండుగా చీలిపోతాది," అన్నాడు తిరుమలయ్య. "అన్ని వార్డులూ ఏకగ్రీవమైతే సర్కారోళ్లు నిధులిస్తారు. ఆరో వార్డుకు మా మనిషిని నిలబెట్టినాం, నీదొక్కటే అడ్డముండాది."

"మా వరసకు నీళ్లు సామీ?"

"సూస్తాంలే." ఆయన వంగి సాంబారు వాసన పీల్చాడు. "కమ్మగుండాది. నువ్వు మెంబరయి తిరగతా ఉంటే పిల్లోళ్లకు వంటెవురు చేస్తారు? ఇంకెవురినో ఒకర్ని సూడాల్సొస్తాది."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆమె గరిటె తిప్పడం ఆపేసింది. ఇంట్లో పొయ్యి వెలిగేదీ, ఓబయ్యకు మందులొచ్చేదీ ఈ పాకలోంచే.

పిల్లలకు వడ్డించి చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి, ఆమె పేరు ప్రతిపాదించిన ఏబెల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు. "వద్దులే అక్కా. నన్ను తోటలోకి రావద్దన్నారు," అన్నాడు. తాయమ్మ వెళ్లి తిరుమలయ్య కారెక్కింది.

నామినేషన్లు తీసుకునే పక్క ఊరి పంచాయతీ ఆఫీసులో అధికారి ఆమెను కూర్చోబెట్టి, పోటీ విరమించుకునే కాగితం ముందుంచాడు. "ఎవరి బలవంతమూ లేదు కదమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. గుమ్మంలో తిరుమలయ్య డ్రైవరు ఫోను చూసుకుంటున్నాడు.

"లేదు సార్. నా ఇష్టమే."

తిరుగు ప్రయాణంలో కారెక్కనంది. బస్సు దిగి ఊరి దాకా నడుస్తూ, ఓబయ్యకు చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. వంట పోతాదంటే ఏం చేసేది? ఏబెల్‌కు కూలి పోయింది, ఏం చేసేది? ఏ మాటా నిలబడలేదు. అన్ని వార్డులూ ఏకగ్రీవమయ్యాయని ఊళ్లో అప్పటికే టపాకాయలు పేలుతున్నాయి. ఎవరో నవ్వుతూ ఆమె చేతిలో మిఠాయి పెట్టారు.

ఇంటి ముందు నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. లోపల పక్కింటి సుజన, మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఓబయ్య కళ్లు ఎవరో మూసేశారు.

"ఇప్పుడే పెద్దమ్మా," అంది సుజన. "టపాకాయలు పేల్తా ఉంటే ఏందిమ్మే ఆ చప్పుడు అన్న్యాడు. ఏమని చెప్పేది? గమ్మునుండిపోయినా. మళ్లా అడగలే."

తాయమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. చేతిలో మిఠాయి నలిగి వేళ్లకు అంటుకుంది.

"పొద్దున నువ్వు పోయినాక నన్ను పిలిచినాడు," సుజన ముక్కు తుడుచుకుంది. "నీకు ఓటేసేదానికి నడిచే పోతానని, చెప్పులు కుట్టించుకు రమ్మన్న్యాడు."

గడప పక్కన, గోడకు ఆనించి, తెగిన వారుకు కొత్త దారం వేసి కుట్టిన రెండు చెప్పులు వాకిలి వైపు తిరిగి ఉన్నాయి.