నోట్లో దారం

జ్ఞానప్రసూన మూడో గదిలో లైట్లు వేసి, గోడమీది బొమ్మలన్నీ వరసగా చూసుకుంది. అమెరికాలో ప్లెయిన్స్‌బరో దగ్గరి ఆ చిన్న మ్యూజియంలో పదకొండేళ్లుగా ఆమె గార్డు. నీలం కోటు, కాళ్లు నొప్పి పుట్టని నల్ల బూట్లు, జేబులో చిన్న దువ్వెన. ఇవాళే ఆఖరి రోజు.

ఆ గదిలోవన్నీ యూరప్ యాత్రికులు రెండు వందల ఏళ్ల కిందట అమెరికా ఖండాలు తిరుగుతూ గీసుకున్నవి. నాలుగోది రియోలో బానిసల సంత. కొనేవాళ్ల టోపీలూ చేతికర్రలూ శ్రద్ధగా గీసిన దొరగారు, మూలన కూర్చున్న ఒక ఆడమనిషినీ, ఆమె ముందున్న పిల్లనీ హడావిడిగా గీసేసి ఊరుకున్నాడు. కింద లేబుల్ మీద ‘పేలు చూస్తున్న స్త్రీ’ అని ఉంది. ఆయన డైరీలో అలాగే రాసుకున్నాడట. అది చదివినప్పుడల్లా ప్రసూనకి ఒళ్లు మండేది. ఇద్దరు కూతుళ్లకి పదిహేనేళ్లు జడలు వేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? తను వెళ్లేలోగా ఆ లేబుల్ మారి తీరాలి.

లేబుళ్లు రాసే స్మృతి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఎప్పుడడిగినా ఒకటే మాట: “ఎవిడెన్స్ కావాలి ఆంటీ. ఊరికే చేంజ్ చేయలేను.”

మధ్యాహ్నం ఆ పిల్లే ఎర్ర రిబ్బను కట్టిన గిఫ్టు పెట్టె తెచ్చింది. ప్రసూన ముందు రిబ్బను విప్పింది. స్టూలు బొమ్మ ముందుకి లాగి, “కూర్చో” అంది. జుట్టు దువ్వి, మూడు పాయలు తీసి, రిబ్బను పళ్లతో పట్టుకుని జడ అల్లసాగింది.

“ఏం చేస్తున్నారు ఆంటీ?”

“ఊఁ!”

ఫ్రేము అద్దంలో స్మృతికి తామిద్దరూ కనిపించారు. వెనక బొమ్మలో ఆ ఇద్దరు. బొమ్మలోని ఆడమనిషి నోటినుంచి సన్నని గీత ఒకటి కిందికి వేలాడుతోంది.

“ఓ మై గాడ్! ఆ లైన్ పేపర్ మీద స్క్రాచ్ అనుకున్నాం ఆంటీ!”

ముడి వేశాకగానీ ప్రసూన మాట్లాడలేదు. “పేలు చూడ్డానికి నోట్లో దారమెందుకే, పిచ్చిదానా?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. సంతలో కూర్చోబెట్టినా ఆ తల్లి పిల్లకి జడ వేయడం మానలేదు. ఇన్నేళ్లకి ఆ సంగతి ఇంకొకరు చూశారు. సంతోషంతో ప్రసూన కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుగున్నరకి కొత్త లేబుల్ వచ్చింది: ‘పిల్లకి జడ వేస్తున్న స్త్రీ.’

“తల్లి అని రాయలేదేం?”

“అది ప్రూవ్ చేయలేం కదా ఆంటీ.”

“సర్లే. నాకు తెలుసు.”

బ్యాడ్జి అప్పగించి, పెట్టె చంకలో పెట్టుకుని, ప్రసూన నవ్వుకుంటూ బస్సెక్కింది. మూడో గదిలో స్టూలు మీద, పళ్లలో రెండు పొడవాటి వెంట్రుకలతో, ఆమె దువ్వెన ఉండిపోయింది.