తలాక్ సీనుకు డూప్

జనవరిలో ఒక మంగళవారం సాయంత్రం, కరాచీ గుల్షన్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళాలో, నటుడు ఇఖ్లాక్ అహ్మద్ కెమెరా ముందు తన సొంత భార్యకు మూడుసార్లు తలాక్ చెప్పాడు.

సీను ఆమెది కాదు. ఆ సీరియల్లో అతని భార్య నుజ్హత్‌ది అతని తల్లి వేషం. నిజానికి అతనే ఆమెకన్నా రెండేళ్ళు పెద్ద. ఆడవాళ్ళకు నలభై దాటితే నమాజు చాప మీద కూర్చుని కొడుకు కోసం ఏడ్చే తల్లి వేషాలే వస్తాయి. మగవాళ్ళు యాభై దాటినా భర్తలే. ఇఖ్లాక్‌ది పెళ్ళాన్ని ఇంట్లోంచి గెంటే భర్త వేషం. ఏళ్ళ తరబడి అదే. బస్టాపులో ఆడవాళ్ళు అతన్ని చూసి మొహం తిప్పుకునేవారు.

నిజంగా భార్యాభర్తలైన నటులు తలాక్ సీన్లో ఎదురెదురుగా నిలబడరు. ఆ మాట నటనలో అన్నా చెల్లుతుందేమోనని భయం. తల్లీకొడుకుల వేషాలైతే ఆ బెడద ఉండదని డైరెక్టర్ వకార్ అనుకున్నాడు.

ఆ రోజు సీరియల్లో ఇఖ్లాక్ భార్య రాబియాగా వేసే అమ్మాయి తన క్లోజప్పులు ముగించుకుని ఇంకో సీరియల్‌కు వెళ్ళిపోయింది. ఇఖ్లాక్ క్లోజప్ మిగిలింది. ఫ్రేము అంచున రాబియా భుజం కనిపించాలి. కరెంటు పోయి ఉంది, జనరేటర్లో డీజిల్ తక్కువగా ఉంది. నుజ్హత్ టీ తాగుతూ కనిపించింది. ఆమెకు రాబియా దుపట్టా కప్పి నిలబెట్టారు. వీపే కదా అనుకున్నామని తర్వాత అందరూ చెప్పారు.

షాట్ అయ్యాక మేకప్ చేసే షకీలా నుజ్హత్‌ను అడిగింది.

"ఆపా, ఇఖ్లాక్ భాయ్ మీ సొంత మొగుడే కదా?"

ఎవరూ నవ్వలేదు.

మర్నాడు భార్యాభర్తలు నాజిమాబాద్‌లో తమ పేట మసీదు పెద్ద దగ్గరకు వెళ్ళారు. ఎవరో రాసిన మాటలు, పిలిచింది రాబియాను, కాబట్టి భయం లేదని ఆయన అన్నాడు. తర్వాత ఒక ప్రశ్న వేశాడు. ఆ మాట అన్నప్పుడు మనసులో ఎవరున్నారు?

కోపం ఊరికే రాదని, ఎదురుగా ఉన్న మనిషి మీద నిజంగా తెచ్చుకోవాలని ఇఖ్లాక్ కొత్త నటులకు చెబుతుండేవాడు. మసీదులో కూర్చుని అబద్ధమాడలేకపోయాడు. ఆ సాయంత్రం అతను తలుచుకున్నది మేనకోడలి పెళ్ళివిందు. అక్కడ నుజ్హత్ అందరి ముందూ అతన్ని చూపించి, మా అబ్బాయికి ఇంకాస్త బిర్యానీ వడ్డించండి అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"అయితే ఆమె మీదే అన్నారు," అన్నాడు పెద్దాయన.

"కోపం ఆమె మీద. మాట రాబియాకు."

పెద్దాయన తీర్పు చెప్పలేదు. మదర్సాలో అడగమన్నాడు. అక్కడ ఒక మౌలానా తలాక్ అయిపోయిందన్నారు, ఇంకొకరు కాలేదన్నారు. ఇఖ్లాక్ రెండో ఆయన మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. అనుమానం మీద కాపురం చెయ్యలేనంది నుజ్హత్. అప్పటికే ఆమె బట్టలు సర్దుకుంది.

"ఆ రోజు విందులో మీరూ నవ్వారు కదండీ," అంది.

"అందరి ముందూ ఏం చెయ్యమంటావు?"

"ఇంటికొచ్చాక తిట్టాల్సింది."

"ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళ కాపురం..."

"నేను పట్టుకోలేదు. మీరే పట్టుకున్నారు, కెమెరా దాకా."

ఆమె తన చెల్లెలు తస్నీమ్ ఇంటికి వెళ్ళి, తలాక్ అయిన ఆడవాళ్ళు ఇల్లు కదలకుండా పాటించే సుమారు మూడు నెలల ఇద్దత్ గడువు అక్కడే గడిపింది. వకార్ అంతవరకూ ఆమె సీన్లు ఆపాడు. ఈలోగా తలాక్ ఎపిసోడ్ ప్రసారమైంది. ఇఖ్లాక్ కళ్ళలో కోపం నిజంగా ఉందని చూసినవాళ్ళు మెచ్చుకున్నారు.

గడువు తీరాక నుజ్హత్ సెట్‌కు వచ్చింది. కొడుకు ఊరు విడిచి వెళ్తుంటే తల్లి అతని తల మీద చెయ్యి పెట్టి దీవించే సీను. ఆమె వకార్‌ను పక్కకు పిలిచింది.

"చెయ్యి పెట్టను బాబూ. ఆయనిప్పుడు నాకు పరాయి మగాడు."

వకార్ ఒప్పుకున్నాడు. ఇఖ్లాక్ తల వంచాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి దువా చేసి దీవించింది. ఒక్క టేకులో అయిపోయింది. మే నెలలో ఆ షాట్ అలాగే ప్రసారమైంది.