లక్ష్మణమ్మ కొత్త దవడ

ఏ రోగికి తగ్గ దవడ ఆ రోగికి కంప్యూటర్‌లో గీయడం భారతి పరిశోధన. పరిశోధన పేరులోనే 'రోగి' అన్న మాట ఉంది కాబట్టి ఆమె విడిగా రోగిని పలకరించాల్సిన పని పడలేదు.

కళింగపట్నం లక్ష్మణమ్మది నలభై ఏళ్ల అడ్డపొగ. చుట్ట నిప్పును నోట్లోపల పెట్టుకుని పీల్చీపీల్చీ పైదవడకు కాన్సర్ తెచ్చుకుంది. భారతి మూడు వారాలు స్కాన్ల ముందు కూర్చుని, వెంట్రుకవాసి తేడా లేకుండా కొత్త దవడ గీసింది. ఆపరేషన్‌కు ముందురోజు టైటానియం నమూనాను గర్వంగా ఆవిడ చేతిలో పెట్టింది.

లక్ష్మణమ్మ దాన్ని గోటితో కొట్టి చూసింది.

"బాగున్నాది గానీ అమ్మా, నిప్పుకి ఏడెక్కిపోదు గదా?"

"నిప్పెందుకు?"

"ఎందుకేటి? ఇంత కట్టపడి సేసినావు, సుట్ట కాల్సుకోడానికి కాదేటి!"