ఈ పూట డాలియా వెస్ట్‌లేక్ బదులు

నాటకాలు వేయించే మార్విన్ ఫింకెల్ ఫోన్ చేసి "పాత్ర నీకే, వచ్చెయ్" అన్నప్పుడు నేను క్వీన్స్‌లో మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. కత్తి అక్కడే పడేసి రైలెక్కాను. నలభై నాలుగో వీధిలో అతని ఆఫీసు మెట్లెక్కేదాకా చేతులు కడుక్కోలేదన్న ధ్యాసే లేదు. ఇరవై రెండేళ్లుగా బ్రాడ్‌వే నాటకాల్లో పాడుతున్నాను. బెర్నిస్ పలూంబో అన్న నా పేరు ఏ థియేటర్ గుమ్మం మీదా వెలగలేదు. ఒక్కసారి వెలిగితే చాలు, మర్నాడు నన్ను పాతిపెట్టినా సరే అనుకునేదాన్ని.

ఫింకెల్ మళ్లీ వేయబోతున్నది "మేడమ్ ఫెర్రీ". మా అమ్మ పడుచుదనం నాటి సంగీత నాటకం. రేవులో పడవలు నడిపే ఆడమనిషి కథ. రెండో అంకంలో ఆవిడ ఒంటరిగా నిలబడి పాడే పాట ఒకటుంది చూడండీ, గొంతున్న ప్రతి ఆడదీ దాని కోసం ప్రాణం పెడుతుంది.

"నిజంగా నాకేనా?" అన్నాను ఆయాసపడుతూ.

"నీకే తల్లీ. స్టాండ్‌బై."

స్టాండ్‌బై అంటే అసలు నటికి జలుబు చేసిన రోజున ఆవిడ గౌను తగిలించుకుని ఆడాల్సిన మనిషి. నాకు కడుపు మండిపోయింది.

"మరి అసలు మేడమ్ ఫెర్రీ వేషం ఎవరిదయ్యా?"

"డాలియా వెస్ట్‌లేక్."

"టీవీ సీరియల్లో ఆ డాక్టరమ్మా? ఆవిడ మొహం, ఆవిడకి పాటొచ్చా?"

"పేరుందే అమ్మాయ్! డబ్బు పెట్టేవాళ్లు పేరు అడుగుతున్నారు, గొంతు అడగట్లేదు."

అప్పటికింకా ఆవిడ సంతకం పెట్టలేదు. ఆవిడ తరఫున బేరాలాడే గిడియన్ అనే పెద్దమనిషి వారం వారం వచ్చేవాడు. మెత్తటి మనిషి, మాట అంతకంటే మెత్తన. మొదటి వారం, మేడమ్‌గారికి పై స్థాయి స్వరాలు పడవండీ అన్నాడు. ఫర్వాలేదు, అవి బెర్నిస్ తెర వెనక నుంచి పాడుతుంది అన్నాడు ఫింకెల్. తరవాతి వారం కింది స్థాయి స్వరాలూ పడలేదు. ఆ తరవాత మోకాలి నొప్పి వల్ల నాట్యం పోయింది, కళ్లు తిరగడం వల్ల మెట్లు దిగే సన్నివేశం పోయింది. మాటలైతే మరీ పాతకాలంగా ఉన్నాయని ఆవిడకు మొత్తానికే నచ్చలేదు. ఊడిన ముక్క ఊడినట్టు నాకు వచ్చి తగులుతూనే ఉంది.

"ఇంకొక్క చిన్న విషయం," అన్నాడు గిడియన్ ఆఖరిసారి వచ్చినప్పుడు. "ఆవిడకి న్యూయార్క్ గాలి పడదండీ. రాలేరు."

నేను కుర్చీలోంచి లేచాను. "రాకుండా ఇంకేం చేస్తుందట?"

గిడియన్ నొచ్చుకున్నాడు. "ముఖ్యపాత్ర పోషిస్తారండీ."

ఫింకెల్ చేతిలోని పస్ట్రామీ శాండ్‌విచ్ కింద పెట్టి, కళ్లు మూసుకుని ఆలోచించాడు. "ఏడాది మొత్తంలో ఒక్క పూటైనా రాదా?"

"ఒక్క పూట కూడా రారు. ఆ విషయంలో ఆవిడ మాట మాటే."

"సంతకం పెట్టించండి!" అని బల్ల గుద్దాడు ఫింకెల్. "మిగతా స్టార్లు వస్తారో రారో తెలీక రోజూ చస్తుంటాం. ఈవిడతో ఆ బెంగే లేదు."

గుమ్మం మీద మనిషంత అక్షరాలతో డాలియా వెస్ట్‌లేక్ పేరు వెలిగింది. టికెట్లు ఎగబడి కొన్నారు. మొదటి రోజు కార్యక్రమ పుస్తకంలోంచి ఒక చీటీ జారిపడింది: "ఈ పూట డాలియా వెస్ట్‌లేక్ బదులు బెర్నిస్ పలూంబో." ఏడాదికి సరిపడా చీటీలు ముందే అచ్చు వేయించాడు ఫింకెల్ మహానుభావుడు. తెర వెనక నేను గౌను కుచ్చెళ్లు పట్టుకుని నిలబడి ఉండగా హాలు హాలంతా "ప్చ్!" అంది. ఆ చప్పుడు విని నా ఒళ్లు మండింది. ఆ మంటతోనే మెట్లు దిగాను, ఆ మంటతోనే పాడాను. చివర్లో అందరూ లేచి నిలబడ్డారు, కొందరు ఏడ్చారు.

పొద్దున్నే పత్రికలు చూశాం. డాలియా వెస్ట్‌లేక్ లేని లోటు ఇంత నిండుగా ఇంతకు ముందు ఏ వేదికా చూపలేదని రాశారు. ఆ సంవత్సరం ఉత్తమ నటి బహుమతి కూడా ఆవిడకే ఇచ్చారు. ఆవిడ ఆ సభకీ రాలేదు. "ఆవిడ బదులు బెర్నిస్ పలూంబో" అని చదవగానే ఆ హాలు కూడా "ప్చ్" అంది. గిడియన్ రాసిచ్చిన కాగితం పట్టుకుని, "ఈ పాత్ర కోసం నేను పడ్డ శ్రమ" అంటూ ఆవిడ మాటలు చదువుతుంటే, నా పళ్లు పటపటలాడడం మైకులో వినిపించే ఉంటుంది.

ఏడాది తిరిగేసరికి గిడియన్ తడి కళ్లతో వచ్చాడు. "ఇక కొనసాగించలేరండీ. బాగా అలిసిపోయారు. విశ్రాంతి కావాలన్నారు డాక్టర్లు."

"ఏం చేసి అలిసిపోయిందయ్యా?" అని అరిచాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు.

థియేటర్ అద్దె గడువు ఇంకా మిగిలే ఉంది. ఇంకో పేరు కొనడానికి ఫింకెల్ దగ్గర డబ్బు లేదు. చివరికి నిచ్చెన వేయించి, ఆవిడ అక్షరాలు పీకించి, నావి పెట్టించాడు. రోడ్డు అవతల నిలబడి ఆ పేరు చూస్తూ భోరున ఏడ్చాను.

సాయంత్రం తెర పక్కనుంచి తొంగి చూస్తే హాల్లో అక్కడక్కడా ఓ నలభై మంది ఉన్నారేమో. చీటీ లేదు, "ప్చ్" లేదు. ఇన్నాళ్లూ జనం ఆవిడ కోసం వచ్చారు, నేను నచ్చకపోతే పోయేదేమీ లేదు. ఈ నలభై మందీ నా కోసం వచ్చారు. నచ్చకపోతే పోయేది నేనే.

"ఫింకెల్, నా వల్ల కాదు."

"నూట రెండు జ్వరంతో ఆడావు కదే!"

"అప్పుడు ఆడింది డాలియా బదులయ్యా! ఇవాళ నా బదులు ఎవరున్నారు?"

"జోసీ ఉందిగా," అన్నాడు.

జోసీ నాకు స్టాండ్‌బై. ఒహాయో పిల్ల. పిలిచీ పిలవకముందే నా గదిలోకి పరిగెత్తింది. ఫింకెల్ తిట్టుకుంటూ చేత్తోనే చీటీలు రాశాడు. నేను కోటు వేసుకుని, మొహానికి స్కార్ఫు చుట్టుకుని, జనం ఏమంటారో విందామని ముందు గుమ్మం వైపు నడిచాను. అక్కడ జనం చీటీ అందుకుంటున్నారు, చదువుతున్నారు, లోపలికి పోతున్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా "ప్చ్" అనలేదు. నా బతుకింతే అనిపించింది.

అప్పుడు టికెట్ల కిటికీ దగ్గర ఎవరో దబదబా బాదడం వినపడింది. వానకోటులో ఒక లావుపాటి ఆవిడ.

"నా డబ్బు నాకిచ్చెయ్! యాంకర్స్ ఊరి నుంచి బస్సులు మారి వచ్చాను!"

"ఈ అమ్మాయి కూడా బాగా పాడుతుందండీ," అన్నాడు లోపలి మనిషి.

"పాడుకోమను! నాకు పలూంబో కావాలి. ఈ నాటకానికి ఎన్నిసార్లొచ్చానో తెలుసా? వచ్చినప్పుడల్లా ఆ డాలియా ఎక్కడ దిగబడుతుందోనని హడలి చచ్చాను!"

వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "డబ్బు అడక్కండి. ఆవిడ ఆడుతుంది."

"నీకెలా తెలుసు? ఎవరు నువ్వు?"

స్కార్ఫు తీసేశాను. "నేనే. పలూంబోని."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. "మరి ఇక్కడేం చేస్తున్నావే తల్లీ? పరిగెత్తు!" అని వీపు మీద ఒక్కటిచ్చింది.

పరిగెత్తాను. జోసీ అప్పటికే నా గౌను వేసుకుని అద్దం ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి తనని తాను చూసుకుంటోంది. విప్పవే అన్నాను. "ఈ ఒక్క పూటా..." అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. ఆ ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలీదా? తెలుసు. అయినా హుక్కులు నేనే విప్పాను.