నడుమ జాగా

కమలాకర్ పోయిన మరుసటి ఏడు, సద్దుల బతుకమ్మ నాడు సుమన పూలు పేర్చలేదు. భర్త పోయినదాన్నని తనంతట తానే వెనక్కి తగ్గింది. ఆయన కొన్న హ్యాండీక్యామ్ పట్టుకుని కేతేపల్లి బడి ముందర ఎడంగా నిలబడింది. వీడియో తీసే మనిషిని ఎందుకు ఆడట్లేదని ఎవరూ అడగరు కదా.

కెమెరా మాత్రం మొండికేసింది. ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతుంటే, అడ్డమొచ్చిన ప్రతి వీపు మీదికీ ఫోకస్ దూకుతోంది. పాట ఎత్తుకున్న అత్త నర్సింగమ్మ మొహం తేలేలోపే మసకబారుతోంది. సుమనకు చిర్రెత్తుకొచ్చింది. ఆటో ఫోకస్ తీసేసి లెన్సు రింగు చేత్తో తిప్పింది. ఒకరు కుదిరితే ఇంకొకరు చెదిరారు. అక్కడి నుంచి ఒక్కొక్కరు ఒక్కో దూరంలో ఉన్నారు మరి.

అప్పుడు తట్టింది. నడుమ నిలబడితే అందరూ ఒకే దూరం! ఇంకేమీ ఆలోచించకుండా ఆడేవాళ్లను దాటుకుని బతుకమ్మల పక్కకు చేరింది. ఫోకస్ ఒక్కసారి కుదిర్చి, మళ్లీ రింగు ముట్టకుండా ఉన్నచోటే మెల్లగా తిరిగింది.

ఇంటికొచ్చి టీవీలో చూస్తే అందరి మొహాలూ అద్దంలో చూసినట్టున్నాయి.

"మరి నువ్వేడున్నవ్ పిల్లా?" అంది నర్సింగమ్మ.

"నడుమ, బతుకమ్మల కాడ. తీసేదాన్ని నేనెట్ల పడ్త అత్తమ్మా?"

నర్సింగమ్మ తెర వైపు వేలు చూపింది.

"ఎడంగ ఉంటనంటివి. జర సూడు, ఊరంత నీ దిక్కే మొకం పెట్టి ఆడింది. వచ్చేసారి గా రింగు నేను తిప్పుత. నువ్వు బతుకమ్మ పేర్చు."